మింగో తొడుక్కున్న ఎర్ర చొక్కా

పోయిన వారం మనం జూనోను వాగు ఒడ్డున, బట్టలు ఉడుకుతున్న కాగు ముందు వదిలి వచ్చాం. చేతిలో బట్టలు బాదే కర్ర, కళ్లు మాత్రం రోడ్డు మీద. మొగుడు మింగో గురువారం పొద్దున జిన్నింగు మిల్లుకి పనికి వెళ్లి మళ్లీ ఇంటి మొహం చూడలేదు. అన్న ఏబ్రమ్ తొడలో తూటాతో, ఒళ్లు కాలే జ్వరంతో దాక్కుని ఉన్నాడు. గిలియద్ చర్చి ముందు, బానిసల్ని విడిపించిన లింకన్ పార్టీ సభలో అతను మాట్లాడుతుండగా దొరల పార్టీకి చెందిన ఎర్రచొక్కాల వాళ్లు గుర్రాలతో జనం మీదికి దూకిన నాటి గాయం అది. మొదట అతన్ని చిత్తడి అడవిలో దాచారు. ఆ చోటు జూనోకి, మింగోకి తప్ప మూడో మనిషికి తెలియదు. మింగో మాయమైన రోజే పెద్ద వాన పడి చిత్తడిలో నీళ్లు లేచాయి. జూనో ఫిబీ పెద్దమ్మను తోడు తీసుకుని, అన్నను భుజానికి ఆనించుకుని వేరే చోటికి చేర్చింది. ఆ సంగతి మింగోకి చెప్పడానికి మింగో లేడు.

ప్రెసిడెంటు ఎన్నిక మంగళవారం. శనివారం మధ్యాహ్నం ఆల్డర్ క్రీక్ ఊళ్లో బాకా మోగింది.

బాకా వెనక డప్పు, డప్పు వెనక గుర్రాల డెక్కలు. వాగులో ఉన్న ఆడవాళ్లు చేతిలో పని వదిలేసి గట్టెక్కారు. కర్రలు మాత్రం ఎవరూ వదల్లేదు. ఆ ఏడు, 1876లో, దక్షిణ కరోలినాలో, మా కౌంటీలో, ఓటు మగవాళ్లదే అయినా ఓటుకి కాపలా ఆడవాళ్లది. మగవాళ్లు సభలో కూర్చుంటే వాళ్ల తుపాకుల దగ్గర, గొడ్డళ్ల దగ్గర ఆడవాళ్లు కూర్చునేవాళ్లు. దొరల పార్టీకి ఓటేస్తానని ఎర్ర చొక్కా తొడుక్కున్న నల్లవాడికి ఇంట్లో రొట్టె లేదు, ఉతికిన బట్ట లేదు, పక్క లేదు. ఇది వాళ్లు చర్చిలో నిలబడి చెప్పుకున్న మాట. బండి తోలే కేటో ఆ చొక్కా తొడుక్కుని వచ్చిన రోజున అతని పెళ్లాం లెటీ పరుపు తెచ్చి రోడ్డు మీద పారేసింది. మిగతావాళ్లు అతన్ని పట్టుకుని చొక్కా, లాగూ రెండూ ఊడబీకి, వాగులో ముంచి తీసి వదిలారు. ఆ రోజు అందరికంటే ముందు పడిన చెయ్యి జూనోది.

ఊరేగింపు కొట్టు దగ్గర మలుపు తిరిగింది. ముందు కెప్టెన్ క్రేల్. బానిసత్వం కోసం జరిగిన అంతర్యుద్ధంలో ఓడి వచ్చినా కెప్టెన్ అన్న పిలుపు మాత్రం వదలని మనిషి. ఊళ్లో సగం పత్తి ఆయన నేలలోనే పండుతుంది. పక్కన ఆయన మేనల్లుడు వైలీ. ఆ వెనక ఎర్ర ఫ్లానెల్ చొక్కాలు వేసుకున్న రౌతులు, జీనుకి తుపాకులు వేలాడేసుకుని, పెళ్లికి వెళ్తున్నంత హుషారుగా ఉన్నారు. చివర్లో నడిచి వచ్చే నల్లవాళ్లు కొందరు. వాళ్లలోనే డప్పు కొడుతూ కేటో.

"ఒసే జూనో, ఆ కంచరగాడిద మీద ఎవరే?" అంది ఫిబీ పెద్దమ్మ. ఆమెకి చూపు ఆనక కాదు అడిగింది. తన కళ్లను తను నమ్మలేక అడిగింది.

మింగో. మెడ దాకా బొత్తాలు పెట్టిన కొత్త ఎర్ర చొక్కా. వీపు నిటారుగా, కర్ర మింగినట్టు. చూపు గాడిద చెవుల మధ్య నుంచి కదలడం లేదు.

జూనోకి మొదట వచ్చింది సంతోషం. బతికే ఉన్నాడు. మరుక్షణమే ఆ సంతోషం పులిసిపోయింది.

క్రేల్ సరిగ్గా ఆడవాళ్ల ముందుకి వచ్చి గుర్రాన్ని ఆపాడు. టోపీ తీసి, దండం పెట్టినట్టు తల వంచాడు. రౌతులు నవ్వారు.

"చూశారుగా! ఏబ్రమ్ సొంత బావ. గిలియద్ చర్చిలో ముందు బెంచీ మీద కూర్చునే మింగో. ఇక మిగిలిందెవరు?" అన్నాడు. "మంగళవారం ఈ రాష్ట్రం ఎటు మొగ్గితే వాషింగ్టన్‌లో కుర్చీ అటే పోతుంది. మా మనిషి కుర్చీ ఎక్కిన మర్నాడు మీకు కాపలా కాస్తున్న ఆ నీలం కోట్ల సర్కారు సిపాయిలు రైలెక్కి ఇంటికి పోతారు. తర్వాత ఇక్కడ ఉండేది నేను, మీరు. మధ్యలో ఎవడూ ఉండడు. బాగా ఆలోచించుకుని మీ మగవాళ్లకి చెప్పండి."

"మా మగవాళ్లకి ఏం చెప్పాలో మాకు తెలుసులే దొరా" అంది ఫిబీ పెద్దమ్మ. "నువ్వు చెప్పింది విన్న రోజులు చాలానే చూశాం."

"ముసలిదానా, నీ నాలుక ఇంకా అరగలేదే!" క్రేల్ నవ్వి వెనక్కి తిరిగాడు. "చెప్పరా మింగో. ఎవరికి వేస్తావు?"

"మీ పార్టీకే దొరా."

"నీ పెళ్లానికి వినపడాలి."

"మీ పార్టీకే వేస్తాను దొరా!"

ఆ గొంతు మింగోది కాదనిపించింది. ఆదివారం పాటల్లో చర్చి పైకప్పు అదిరేలా పాడే గొంతు అది. ఇప్పుడు పగిలిన కుండలోంచి వచ్చినట్టు ఉంది.

ఆడవాళ్లెవరూ మింగో వైపు చూడటం లేదు. అందరి కళ్లూ జూనో మీద ఉన్నాయి. లెటీ ముందుకి వచ్చి జూనో ముఖంలో ముఖం పెట్టింది.

"ఆ వేళ మా ఆయన పరుపు నేను రోడ్డు మీద పారేశాను. నీ మాట పట్టుకునే పారేశాను. ఇన్నాళ్ల నుంచీ ఆయన బండి కింద పడుకుంటున్నాడు. ఇవాళ నీ వంతు. ఏం చేస్తావో చెయ్యి."

జూనో కర్ర బిగించి పట్టుకుంది. గట్టు దిగి రోడ్డు మీదికి నడిచింది. రౌతులు సర్కస్‌కి చోటిచ్చినట్టు గుర్రాలను పక్కకి జరిపారు.

"దిగు" అంది.

మింగో దిగలేదు. పెదవులు కదిలాయి. "జూనో, ఇక్కడ కాదు. ఇంటి దగ్గర..."

"నీకు ఇల్లెక్కడుంది?"

కాలు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. మింగో ఆ పక్కనే దుమ్ములో బోర్లా పడ్డాడు. ఆమె చేతిలో కర్ర లేచింది. ఒకటి భుజం మీద. ఒకటి నడుము మీద. మూడోది వీపుకి అడ్డంగా పడినప్పుడు మింగో నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది. పదేళ్ల కాపురంలో ఆ చప్పుడు ఆమె ఎన్నడూ వినలేదు. చేతిలో మిల్లు రంపపు పళ్లు దిగినప్పుడు కూడా అతను అలా అరవలేదు.

"కొట్టవే! ఇంకో నాలుగు తగిలించు!" అని అరుస్తున్నాడు వైలీ, జీను మీద ఊగిపోతూ. "మామయ్యా, వీళ్లకి మనమెందుకు? వీళ్లకి వీళ్లే చాలు!"

జూనో కర్ర పారేసి చొక్కా మెడ పట్టుకుంది. రెండు చేతులా లాగింది. బొత్తాలు ఎగిరిపోయాయి. గుడ్డ మాత్రం రాలేదు. అది వీపుకి అతుక్కుపోయి ఉంది. కోపంలో ఆమెకి అర్థం కాలేదు. మళ్లీ లాగింది. తడి తోలు చీలినట్టు ఒక శబ్దం చేస్తూ చొక్కా ఊడివచ్చింది. దానితో పాటు చర్మం కూడా వచ్చింది.

మెడ దగ్గర నుంచి నడుము దాకా వీపు అన్న ఆకారం మిగల్లేదు. కొరడా దెబ్బ మీద దెబ్బ పడి, ఎండి, మళ్లీ పడిన మాంసం. ఉప్పు చల్లినట్టున్నారు, పగుళ్లలో తెల్లగా మెరుస్తోంది. ఎర్ర చొక్కా మీద నెత్తురు కనపడకుండా పోయింది.

జూనో చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. ఆమె కొట్టిన మూడో దెబ్బ ఎక్కడ పడిందో ఆమెకి కనపడుతోంది.

డప్పు ఆగింది. ఫిబీ పెద్దమ్మ వచ్చి మింగో పక్కన కూలబడింది. ఆమెకి అక్షరం ముక్క రాదు. ఆ వీపు మాత్రం చదవగలదు. తన వీపు మీద కూడా అదే రాత ఉంది.

"స్వేచ్ఛ వచ్చిందని బైబిలు మీద చెయ్యేసి చెప్పారు గదరా" అంది మెల్లగా, ఎవరితోనూ కాదు. "ఇది మళ్లీ చూస్తాననుకోలేదు."

జూనో లేచి నిలబడింది. క్రేల్ గుర్రం ముందుకి వెళ్లి ఆ చొక్కాను పైకెత్తి, లోపలి వైపు తిప్పి చూపించింది.

"ఇదేనా దొరా మీ ప్రచారం? మనిషిని ఓటు అడగడం చేతగాక, తోలు ఒలిచి తెచ్చుకున్నావా? వీడు మీకు ఓటెయ్యడం లేదు. మీ కొరడా వేసుకుంటోంది తన ఓటు తనే."

ఎవరో ఆడమనిషి నవ్వింది. పిచ్చి నవ్వు, భయం నవ్వు. ఆ నవ్వు ఇంకో నోటికి పాకింది. క్రేల్ ముఖంలో రంగు మారింది. ఆ మనిషి తిట్లు పడతాడు, శాపనార్థాలు పడతాడు. నవ్వు మాత్రం పడలేడు.

"వైలీ" అన్నాడు. ఆ ఒక్క మాట చాలింది.

వైలీ గుర్రాన్ని అదిలించి ఆమె మీదికి తోలాడు. జూనో పక్కకి దూకింది. కొరడా ఆమె చెవి మీదుగా దవడ దాకా కోసుకుపోయింది. రెండోసారి అతను చెయ్యెత్తేలోపు ఫిబీ పెద్దమ్మ జూనో పారేసిన కర్ర అందుకుని, అతని మోకాలి చిప్ప మీద ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. వైలీ కేక వాగు అవతలికి వినిపించి ఉంటుంది. అప్పుడిక ఎవరూ ఆగలేదు. గట్టు మీది ఆడవాళ్లందరూ ఒక్కసారిగా దిగారు. కర్రలతో, పారలతో, ఉడుకునీళ్లు తోడే చెంబులతో. ఒక రౌతు ముఖం మీద సలసల కాగే సబ్బునీళ్లు పడ్డాయి. అతను రెండు చేతులతో ముఖం కప్పుకుని గుర్రం మీద నుంచి జారిపోయాడు. తుపాకీ మడమతో కొడితే ఒక అమ్మాయి పళ్లు రాలాయి. గుర్రాలు బెదిరి వెనక కాళ్ల మీద లేస్తున్నాయి. ఎవరి కాలి కిందో ఎవరిదో చెయ్యి విరిగింది. దుమ్ములో తెల్లచేతులు, నల్లచేతులు, గుర్రపు కాళ్లు తప్ప ఏమీ కనపడటం లేదు.

వైలీ పిస్తోలు తీశాడు. నొప్పితో కళ్లలో నీళ్లు కారుతున్నాయి. గొట్టం జూనో వైపే తిరిగింది.

"వద్దు బాబూ! ఆడమనిషి బాబూ!"

ఎవరూ చూడకుండా వచ్చాడు కేటో. డప్పు మెడలో అలాగే ఉంది. రెండు చేతులా గుర్రం కళ్లెం పట్టుకుని వేలాడాడు. గుర్రం తల తిప్పింది, పిస్తోలు పేలింది. కేటో గొంతు పట్టుకుని, ఏదో అడగాలని అనుకున్నవాడిలా వైలీ ముఖంలోకి చూసి, డప్పు మీదే బోర్లా పడ్డాడు.

ఒక్క తూటాకి కర్రలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

లెటీ నడిచి వచ్చింది. పరుగెత్తలేదు. దుమ్ములో కూర్చుని మొగుడి తల ఒళ్లోకి తీసుకుంది. అతని మెడలోంచి నెత్తురు పొంగి ఆమె లంగా తడిసిపోతోంది. ఎర్ర చొక్కా మాత్రం ఎప్పట్లాగే ఉంది.

"లే" అంది. "పరుపు లోపల వేశాలే. ఇంటికి పోదాం, లే."

"వెధవా!" క్రేల్ పళ్లు కొరికాడు. "మన మనిషిని చంపావు గదరా! మన చొక్కా వేసుకున్నవాణ్ణి!"

"అడ్డం వచ్చాడు మామయ్యా..."

"నోరుముయ్యి. ఇక్కడ నిలబడకు. నీకు అప్పజెప్పిన పని చూడు, ఇప్పుడే. వాడు నాకు ప్రాణాలతో కావాలి, విన్నావా? సోమవారం కోర్టు మెట్ల మీద నిలబడి మన పార్టీ తరఫున మాట్లాడాలి వాడు. ప్రాణాలతో."

వైలీ కొందరిని వెంటపెట్టుకుని తూర్పు దారి పట్టాడు. కుంటి కాలు రికాబులో పెట్టలేక వేలాడదీసుకుని వెళ్లాడు. క్రేల్ ఆడవాళ్ల వైపు తిరిగి, చర్చిలో ప్రకటన చదివినంత నెమ్మదిగా చెప్పాడు.

"కేటోని మీరే చంపారు. మా పార్టీలో చేరాడని పగబట్టి చంపారు. రేపటికి కౌంటీ అంతా అదే వింటుంది. నీలం కోట్ల వాళ్లు కూడా అదే వింటారు."

గుర్రాలు శవం పక్కగా, దుమ్ములో పడి ఉన్న మింగో పక్కగా తొలగి నడిచాయి. కొంతదూరం పోయాక బాకా మళ్లీ మొదలైంది. డప్పు లేదు.

*

ఫిబీ పెద్దమ్మ గుడిసెలో మింగోని బోర్లా పడుకోబెట్టారు. పెద్దమ్మ గోరువెచ్చని నీళ్లతో ఉప్పు కడుగుతోంది, జూనో పంది కొవ్వు కరిగించి రాస్తోంది. దవడ మీద నెత్తురు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

"నా చెయ్యి పడిపోను" అంది. "చూడకుండా కొట్టాను."

"మంచిదైంది" అన్నాడు మింగో, చాపలోకి ముఖం పెట్టి. "మెల్లగా కొట్టి ఉంటే నమ్మేవాళ్లు కాదు. నాటకమనుకునేవాళ్లు."

"ఏం నమ్మాలి వాళ్లు?"

"నేను వాళ్ల మనిషినయ్యానని." మింగో ఊపిరి పీల్చుకుని ఆగాడు. మాట మాటకీ వీపు లాగుతోంది. "మిల్లులో కట్టేశారు. ఓటు సంగతి ఒక్కసారే అడిగారు. మిగతాదంతా ఏబ్రమ్ బావ ఎక్కడని. శుక్రవారం దాకా ఓర్చుకున్నాను జూనో. ఒట్టు. తర్వాత ఓర్చుకోలేనని తెలిసిపోయింది. చిత్తడి పేరు నాలుక చివరికి వచ్చేసింది. అది బయటపడేలోపు ఇంకో పేరు చెప్పెయ్యాలి. నోటికి వచ్చిందేదో చెప్పేశాను."

"ఏం చెప్పావు?"

"వాళ్లు వెంటనే నమ్మలేదు. నిజమైతే చొక్కా తొడుక్కుని నీ వాళ్ల ముందు ఊరేగమన్నాడు క్రేల్. అబద్ధమని తేలితే చెప్పిన చోటే ఉరేస్తానన్నాడు. వెయ్యనీ. వాళ్లు అక్కడికి పోయి వెతికి వచ్చేలోపు నువ్వు బావని చిత్తడిలోంచి తీసి పడవెక్కించెయ్. పోర్ట్ రాయల్‌లో సిపాయిలున్నారు. ఈ సాయంత్రం చాలు నీకు. ఆ సాయంత్రం కోసమే చొక్కా తొడుక్కున్నాను."

"మింగో, ఏ చోటు చెప్పావు?"

"బట్టీ" అన్నాడు. ఆ బాధలో కూడా అతని గొంతులో చిన్న నవ్వు లాంటిది కదిలింది. "మన ఇటుక బట్టీ. నువ్వు ఒక దొర దగ్గర, నేనొక దొర దగ్గర ఉన్న రోజుల్లో ఆదివారం ఆదివారం దొంగతనంగా కలుసుకునేవాళ్లం చూడు. ఆ కొరడా కింద నాకు ఇంకే చోటూ గుర్తు రాలేదు. కళ్లు మూసుకుంటే అదే కనపడింది."

ఫిబీ పెద్దమ్మ చేతిలో గుడ్డ నీళ్ల గిన్నెలో పడిపోయింది.

కొవ్వు రాస్తున్న జూనో చెయ్యి ఆగింది. వాన పడుతుంటే, అన్న జ్వరంలో పలవరిస్తుంటే, ఎక్కడికి తీసుకుపోవాలే అని పెద్దమ్మ అడిగినప్పుడు ఆమెకి కూడా ఇంకే చోటూ గుర్తు రాలేదు. తడవని చోటు, ఎవరూ రాని చోటు, ఒకప్పుడు తనకి భయం తెలియని చోటు అదొక్కటే.

"చెప్పవే వాడికి" అంది పెద్దమ్మ.

"అన్న చిత్తడిలో లేడు మింగో" అంది జూనో. "నీళ్లొచ్చాయి. మార్చేశాను. బట్టీలోనే ఉన్నాడు."

మింగో తల తిప్పి ఆమెను చూశాడు. మాట అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత రెండు చేతుల మీద లేవబోయి, అరిచి, మళ్లీ పడిపోయాడు.

"వైలీ! తూర్పు దారి పట్టాడు, చూశావా? బట్టీకే పోతున్నాడు! జూనో, నేను... నేను చెప్పలేదు, నాకు తెలిసుంటే..."

ఆమె అప్పటికే గడప దాటింది.

రోడ్డు మీద గుర్రాలకి దూరం ఎక్కువ. పత్తి చేలకి అడ్డం పడితే మనిషికి తక్కువ. ఏరని పత్తి కాయలు కాళ్లను చీరుతుంటే పరుగెత్తింది. వాగు మెడ లోతు వస్తే చెట్టు వేరు పట్టుకుని దాటింది. పైన్ చెట్ల మధ్యకి వచ్చేసరికి ఊపిరి అందడం లేదు. అయినా ఆమెకంటే ముందే గుర్రాల సకిలింపు వినపడింది.

కూలిపోయిన బట్టీ గోడ పక్కన గుర్రాలు కట్టేసి ఉన్నాయి. ఏబ్రమ్‌ను బయటికి ఈడ్చేశారు. ఊరికే లొంగలేదు అతను. ఒక రౌతు చెంప మీద ఇటుక దెబ్బకి ఎముక కనపడుతోంది. ఆ కసి అంతా ఏబ్రమ్ మీద తీర్చుకున్నారు. కుడి చెయ్యి మోచేతి దగ్గర వంకరగా వేలాడుతోంది. పుండు పడిన తొడ మీద ఒకడు బూటు పెట్టి తొక్కుతున్నాడు. వైలీ జీను మీద నుంచి తాడు విసిరి, ఒక కొస ఏబ్రమ్ చంకల కింద బిగించమన్నాడు. రెండో కొస జీనుకి కట్టుకుంటున్నాడు.

ఈడ్చుకుపోతే ఊరు చేరేలోపు మనిషి మిగలడు. జూనో చెట్ల మధ్యలోంచి నడిచి వచ్చి వాళ్ల ముందు నిలబడింది.

"గుర్రం వెనక కట్టకండి."

తుపాకులన్నీ ఇటు తిరిగాయి.

"ఏంటే, మళ్లీ నువ్వేనా?" వైలీ చెయ్యి పిస్తోలు మీదికి పోయింది.

"ప్రాణాలతో తెమ్మన్నాడు మీ మామయ్య. రోడ్డంతా విన్నాం. ఇవాళ ఇప్పటికే ఆయన మనిషిని ఒకణ్ణి చంపావు. వీడు కూడా దారిలో పోతే ఆయన ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడతావు?"

వైలీ పెదవి కొరుక్కున్నాడు. మోకాలు వాచి లాగూ బిగుసుకుపోయింది. ఆమెను అక్కడే కాల్చెయ్యాలని ఉంది అతనికి. కానీ మామయ్యంటే అంతకంటే ఎక్కువ భయం ఉంది.

"జీను మీద వెయ్యండ్రా" అన్నాడు చివరికి.

ఏబ్రమ్‌ను గుర్రం మీదికి ఎత్తారు. అతను చెల్లెలిని చూశాడు. వాచిన కనురెప్పల మధ్య సందులోంచి చూసి, నవ్వబోయాడు.

"నువ్వెందుకొచ్చావే పిచ్చిదానా? పో. ఇంటికి పో."

"రానియ్యరా" అన్నాడు వైలీ. కాల్చలేకపోయిన ఉక్రోషమంతా మాటల్లో తీర్చుకోవాలనుకున్నాడు. "ఆమె మొగుడే కదా నిన్ను పట్టించింది! నీ బావ మింగో. ఎర్ర చొక్కా తొడుక్కుని ఊరేగాడు ఇవాళ. బట్టీలో ఉన్నాడు దొరా అని వాడి నోటితో వాడే చెప్పాడు."

ఏబ్రమ్ కనుబొమ్మలు ముడిపడ్డాయి. జ్వరంలో కూడా చురుకైన బుర్ర అది. కౌంటీలో పెద్ద పెద్ద వాళ్ల మాటల్లో తప్పులు పట్టుకున్న బుర్ర.

"మింగోనా?" అన్నాడు. "వాడికెలా తెలుస్తుంది? వాడికి ఈ చోటు..."

ఆ మాట పూర్తయితే మింగో తనకి తెలియకే, దారి తప్పించాలని ఈ చోటు చెప్పాడని వీళ్లకి తెలిసిపోతుంది. అబద్ధమని తేలితే ఉరి అన్నాడు క్రేల్.

"నేను చెప్పాను!" అంది జూనో.

ఆమె గొంతు బట్టీ గోడకి కొట్టుకుని తిరిగి వచ్చింది.

"నేనే చెప్పాను వాడికి. వెళ్లి దొరకి చెప్పమని పంపింది కూడా నేనే. నా మొగుణ్ణి చంపుతున్నారు, అన్నా. నీ ఓటు, నీ సభలు, నీ పార్టీ నాకేం పెట్టాయి? వాడు నాకు కావాలి. అందుకే చెప్పాను."

వైలీ ఈల వేశాడు. ఎవరో నవ్వారు.

ఏబ్రమ్ నవ్వలేదు, తిట్టలేదు. అమ్మను చార్లెస్టన్ సంతలో అమ్మేసిన రోజున ఆమె జూనోని ఇతని చేతుల్లో పెట్టి వెళ్లింది. నడక రాని పిల్ల. మొక్కజొన్న రొట్టె నమిలి మెత్తగా చేసి పెట్టి పెంచాడు. ఆ పిల్లనే ఇప్పుడు ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత ముఖం పక్కకి తిప్పేసుకున్నాడు.

"పదండి" అన్నాడు వైలీతో. "ఎక్కడికి తీసుకుపోతారో తీసుకుపోండి. ఇక్కడి నుంచి తీసుకుపోండి చాలు."

జూనో రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని వేళ్లు విరిగేలా బిగించుకుంది. అన్న వైపు ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. వేస్తే నోరు తెరుచుకుంటుంది. తెరుచుకుంటే నిజం వచ్చేస్తుంది.

గుర్రాలు కదిలాయి.

"బావా!"

వాగు వైపు పైన్ చెట్ల దగ్గర ఒక మనిషి చెట్టుని కావలించుకుని నిలబడి ఉన్నాడు. ఒంటి మీద చొక్కా లేదు. నడుము నుంచి కింద బట్టంతా నీళ్లతో, నెత్తురుతో తడిసి ఉంది. ఎలా వచ్చాడో, ఆ వీపుతో ఆ వాగు ఎలా దాటాడో మింగోకే తెలియాలి. జూనో చెప్పిన ప్రతి మాటా అతను విన్నాడు. ఏబ్రమ్ ముఖం తిప్పుకోవడం కూడా చూశాడు.

"ఏబ్రమ్ బావా, నమ్మకు! అది చెప్పిందంతా అబద్ధం!"

"మింగో, నోరుముయ్యి!" జూనో అరిచింది. అతని వైపు పరుగెత్తబోతే ఒక రౌతు జుట్టు పట్టుకుని వెనక్కి గుంజాడు.

వైలీ చెయ్యి పైకెత్తాడు. గుర్రాలు ఆగాయి. అతను జీను మీద నెమ్మదిగా వెనక్కి తిరిగి, బాగున్న కాలి మీద బరువు వేసి రికాబులో లేచి నిలబడ్డాడు. ముఖంలో మధ్యాహ్నం నుంచి లేని ఉత్సాహం ఇప్పుడు వచ్చింది.

"ఆగండ్రా, వాణ్ణి చెప్పనివ్వండి" అన్నాడు. "ఏది అబద్ధంరా, మింగో?"